ఊరిన గొంతు

మైపాడు ఒడ్డుకి పొద్దున్నే పడవలు రాగానే ముందు కాకులు వస్తాయి. వాటి వెనక ఐసు పెట్టెల ఆటోలు, ఆటోల వెనక బేరగాళ్లు. అందరూ వచ్చి సర్దుకున్నాక రేవతి వచ్చి చేపల గుట్ట పక్కన నిలబడుతుంది. అప్పుడు పాట మొదలు. పాటంటే రాగం తీసే పాట కాదు, వేలం పాట. ఆ ఒడ్డున ఏ పడవ చేప అయినా రేవతి పాడితేనే అమ్ముడుపోయేది.

ఆమె పక్కన కూతురు వినీల నిలబడుతుంది. రేవతి వేళ్లు మడిచి చూపిస్తుంది, వినీల చూసి అరుస్తుంది. రెండేళ్లుగా ఇదే వరస. రేవతి గొంతులో గడ్డ లేచి, దాన్ని తీసినప్పుడు గడ్డతోపాటు గొంతూ పోయింది. మెడ చుట్టూ పల్చటి నూలు తువ్వాలు చుట్టుకుని, పెదాలు కదిలిస్తుంది గాని గాలి తప్ప ఏమీ రాదు.

ఆ గొంతు విన్నవాళ్లకి తెలుసు అదెట్టాంటిదో. అల మీద అల విరుగుతున్నా, ఇంజన్లు మోగుతున్నా, ఒడ్డు ఆ చివరనున్న మనిషికి కూడా చెవిలో చెప్పినట్టు వినపడేది. గట్టిగా ఉండేది కాదు, సూటిగా ఉండేది. చేప నిన్నటిదైతే "ఇది నిన్నటిది, తెలిసి పాడండి" అని ముందే చెప్పేది. తాజాదైతే తగ్గనిచ్చేది కాదు. వలేసినవాడూ కొన్నవాడూ ఇద్దరూ సమాధానంగా ఇంటికి పొయ్యేవాళ్లు. అది అందరి వల్లా అయ్యే పని కాదు.

వినీల వల్ల కాలేదు. ఆ పిల్లది సన్న గొంతు, మూడో కేకకి చీలిపోతుంది. అమ్మ వేళ్లు చూసి, అర్థం చేసుకుని, నోరు తెరిచే లోపల పెద్ద బేరగాడు గంగులయ్య "నాదే పాట, ఎత్తండ్రా" అనేసేవాడు. పడవ యజమాని ఆదెయ్య తువ్వాలు దులుపుకుని వలల దగ్గరికి నడిచిపోయేవాడు. ఆ నడక చూస్తే వినీలకి ఏడుపొచ్చేది. నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకి సీటు వస్తే, వచ్చే ఏడు చేరతానని చెప్పింది. ఆ వచ్చే ఏడు కూడా అదే చెప్పింది. అమ్మ నోరు తనే అయినప్పుడు ఎట్టా పోతుంది?

ఒకసారి ఫోన్లో మాట్లాడించి చూశారు. రేవతి చదివింది ఏడో తరగతే అయినా తెలుగు చకచకా కొడుతుంది. ఆమె కొట్టింది ఫోను చదవాలి. ఒడ్డున సిగ్నలు ఉన్నట్టే ఉండి పోతుంది కాబట్టి, ఫోను కాసేపు ఆలోచించి ఆలోచించి, వార్తలు చదివే అమ్మాయి గొంతుతో చేప పేరుని విరిచి "చందు... వా" అంది. ఒడ్డంతా నవ్వింది. అది "రెండోసారి" అనే లోపల చేప ఆటో ఎక్కేసింది. రేవతి ఫోను బొడ్డులో దోపుకుని, ఆ పూట ఇంక ఎవరి మొహమూ చూడలేదు.

మాట పోయినవాళ్లకి మళ్లీ మాట్లాడడం నేర్పించే అబిగయీలు మేడం నెల్లూరులో ఉంది. ఆమె దగ్గరికి నెలనెలా వెళ్లినప్పుడు వినీల ఈ సంగతి చెప్పింది.

"పరాయి గొంతు ఎందుకు? మీ అమ్మ గొంతునే అల్లే ప్రోగ్రాము ఇప్పుడుంది," అంది మేడం. "చేతిలో పట్టే ట్యాబు చాలు. సిగ్నలుతో పని లేదు, గొంతు ట్యాబులోనే ఉంటుంది. కాకపోతే దానికి మీ అమ్మ పాత మాటలు కావాలి. చాలా కావాలి. వెనక ఏ రొదా ఉండకూడదు."

వినీల ఫోన్లో ఉన్న వీడియోలన్నీ వినిపించింది. అన్నిట్లోనూ అమ్మ కంటే సముద్రమే ఎక్కువ మాట్లాడుతోంది.

"సముద్రం లేకుండా మీ అమ్మ మాట్లాడింది ఎక్కడా లేదా?"

"జాడీలో ఉండాది మేడం. ఇందుకూరుపేట సుల్తాన్‌బీ అవ్వ దగ్గిర."

"ఆ ముక్క ముందే చెప్పకూడదూ?" అని మేడం కుర్చీ ముందుకి జరుపుకుంది. "అయితే తొందరపడి మూత తీయొద్దు. జాడీ మాట రెండోసారి రాదు కదా. ముందు మంచి ట్యాబు చూసుకో. లోపల చోటుండాలి, మెమరీ చిప్పు పెట్టుకునే వీలూ ఉండాలి. పట్టుకోవడం తప్పిపోతే మళ్లీ దొరకదు."

సుల్తాన్‌బీ ఊరగాయల మనిషి. ఆమె పెట్టే రొయ్యల పచ్చడి కోసం కోట నుంచీ వాకాడు నుంచీ కూడా వస్తారు. వంటింట్లో ముందు వరస జాడీల్లో రొయ్యలు, నిమ్మకాయ, గోంగూర ఉంటాయి. వెనక వరస జాడీల్లో మాటలుంటాయి. జాడీ మూతి దగ్గర కూర్చుని మాట్లాడితే, ఆమె చిటికెడు రాళ్లుప్పు వేసి, గుడ్డ కప్పి, పురికొసతో బిగించి కడుతుంది. చెయ్యి తడి లేకుండా చూసుకుంటే మాట ఏళ్ల తరబడి చెడదు. విప్పిన రోజు ఒక్కసారి వినపడి గాలిలో కలిసిపోతుంది. ఒకరు కొడుకు తొలి మాటలు దాచి వాడి పెళ్లినాడు విప్పారు. ఒకావిడ మొగుడు చెప్పిన క్షమాపణ దాచుకుంది, వాడు మళ్లీ తాగొచ్చిన రోజు వాడి ఎదటే విప్పింది.

రేవతి ఆపరేషన్‌కి వెళ్లే ముందు సుల్తాన్‌బీయే బస్సెక్కి మైపాడు వచ్చింది. "రా తల్లీ, ఒక మధ్యాన్నం మా ఇంట్లో కూర్చుని మాట్లాడు. ఏదైనా మాట్లాడు," అని వెంటబెట్టుకుని వెళ్లింది. ఎందుకని రేవతి అడగలేదు. సాయంత్రందాకా మాట్లాడి, టీ తాగి వచ్చేసింది.

ఇందుకూరుపేట సెంటర్లో సెల్లు కొట్టు పెట్టుకున్న షఫీక్ సుల్తాన్‌బీ మనవడే. తల్లీ కూతుళ్లిద్దరూ వెళ్లేసరికి బల్ల మీద మూడు ట్యాబులు పరిచి పెట్టాడు.

"అందరూ తెర చూస్తారు, కెమెరా చూస్తారు. నువ్వు లోపల చోటు చూడు వినీలా," అన్నాడు. "ఇది చవక. లోపల చోటు తక్కువ, చిప్పు మాత్రం ఎంత పెద్దదైనా పడుద్ది. ఇది ఇంకో రకం, లోపల బోలెడు చోటు. కాని చిప్పు పెట్టను సందు లేదు. మూడోది నడిమధ్యది. లోపలా కాస్త ఉండాది, సందూ ఉండాది."

వినీల రెండోది తీసింది. "అంతా లోపలే ఉంటే పోలా అన్నా? చిప్పు గోరంత. ఎక్కడన్నా జారిపోతే?"

"జారేది చిప్పొకటేనా? మీరుండేది సముద్రం పక్కన. ఉప్పు గాలికి చచ్చిన ఫోన్లు నా దగ్గిర గంపెడు ఉండాయి. బోర్డు పొయ్యిందంటే లోపల దాచింది లోపలే పోద్ది. చిప్పయితే పెరికి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు."

"అయితే చవకదే తీసుకోని పెద్ద చిప్పు పెట్టుకుంటాం."

"ఆడే తిరకాసు. లోపలి చోటులో సగం దాని సొంత సామానుకే సరిపోద్ది. గొంతు ప్రోగ్రాము లోపలే ఉండాల. చిప్పులోంచి నడిపితే, మీ అమ్మ 'రెండోసారి' అని నొక్కినాక అది ఎతుక్కోని ఎతుక్కోని..."

ఒడ్డున నవ్వులు వినీల చెవిలో మళ్లీ మోగాయి. అమ్మ వైపు చూసింది. రేవతి అప్పటికే మూడో ట్యాబు చేతిలోకి తీసుకుంది. తాజాదో కాదో చూడడానికి చేప మొప్ప ఎత్తినట్టు, గోటితో చిప్పు సందు మూత ఎత్తి చూసి, మూసి, మళ్లీ ఎత్తి చూసింది. తల ఊపింది.

తర్వాత చిప్పులు. షఫీక్ రెండు చూపించాడు. ఒకదాని మీద రాసిన అంకె చూస్తే ఊరందరి మాటలూ పట్టేటట్టుంది.

"రెండూ నింపి చూపించన్నా," అంది వినీల.

"నింపాలంటే పొద్దుగూకుద్దమ్మా."

"గూకనీ. ఇంటికి పొయ్యినాక తెలిస్తే ఏం లాభం?"

షఫీక్ నవ్వి, చిప్పుల నిండా ఏవేవో పోసి, తిరిగి చదివించాడు. వినీల స్టూలు మీంచి లేవలేదు. సాయంత్రానికి పెద్ద అంకె చిప్పు గుట్టు బయటపడింది. కొంచెం నిండాక కొత్తదాన్ని పాతదాని మీదే రాసుకుంటోంది. అన్నీ దాచానని చెబుతుంది, అడిగితే ఏమీ ఉండదు. "నేనే మోసపొయ్యినా గదమ్మా," అని షఫీక్ దాన్ని రెండుగా విరిచేశాడు. చిన్న అంకెది మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి అప్పగించింది. అదే తీసుకున్నారు.

చిప్పు సందులో పెట్టగానే తెర మీద ప్రశ్న వచ్చింది. దీన్ని ట్యాబు లోపలి చోటులో కలిపేయమంటారా, విడిగా ఉంచమంటారా?

"కలిపితే సుఖమే, అంతా ఒకే చోటు అయినట్టు ఉంటాది," అన్నాడు షఫీక్. "కాని అప్పుడా చిప్పు ఈ ట్యాబుకి తప్ప ఇంకెవరికీ నోరిప్పదు. పెరికి ఇంకోదాంట్లో పెట్టినా మాట్లాడదు."

రేవతి రెండు చూపుడు వేళ్లూ పక్కపక్కన పెట్టి, దూరంగా జరిపింది. విడిగానే.

జాడీ విప్పే మధ్యాహ్నం సుల్తాన్‌బీ వీధిలో ముందే చెప్పి పెట్టింది. పక్కింటివాళ్లు మిక్సీ వేయలేదు. ఎదురింటి ఆవిడ కుక్కరు దించేసింది. మైకు పెట్టుకుని కొబ్బరిబోండాలు అమ్మేవాడు సంగతి తెలిసి, మైకు కట్టేసి బండి తోసుకుంటూ పోయాడు. వంటింట్లో ఫ్యాను కూడా ఆపారు. వినీల ట్యాబుని జాడీ పక్కన పీట మీద పెట్టి, ఎర్ర చుక్క వెలిగిందని రూఢి చేసుకుంది. ముందు నేరుగా లోపలికి పట్టుకుని, తర్వాత చిప్పులోకి నకలు తీయాలని వాళ్ల ఆలోచన.

సుల్తాన్‌బీ బిస్మిల్లా అని పురికొస విప్పింది.

ముందు గొంతు సవరించుకున్న చప్పుడు వినపడింది. రేవతి చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

"ఏం మాట్లాడమంటావు బీబమ్మా? ఊరికే మాట్లాడమంటే ఏం మాట్లాడేది?"

వినీల జాడీ వైపు వంగింది. అమ్మ గొంతు. వీడియోల్లో అలల కింద నలిగింది కాదు. పక్కన కూర్చుని ఉప్పందించమని అడిగేటప్పటి గొంతు. అక్కడినుంచి మాటలు ఆగలేదు. చేపల పేర్లు వచ్చాయి, పడవల పేర్లు వచ్చాయి. గంగులయ్యని తిట్టింది, తిట్టినందుకు నొచ్చుకుంది, మళ్లీ తిట్టింది. నెత్తళ్ల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలో చెప్పింది. పెళ్లైన ఏడు వచ్చిన తుపానులో పడవని చీరలతో కట్టి కాపాడుకున్న వైనం చెప్పింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పాడి, తనలో తనే నవ్వింది. షఫీక్ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని వింటున్నాడు. సుల్తాన్‌బీ పక్కకి తిరిగి పైటతో కళ్లొత్తుకుంది. ఇంత గొంతు ఒక్క మనిషిలో ఎట్టా పట్టిందా అని వినీలకి అబ్బురంగా ఉంది.

ఆ అబ్బురంలో ఉండగానే తెర వంక చూసి ఉలిక్కిపడింది.

"అన్నా, అప్పుడే లోపల నిండిపోతా ఉండాది!"

షఫీక్ వంగి చూశాడు. "అదెట్టా? ఈపాటికి ఓ మూల కూడా నిండకూడదే?"

"ఊరిన మాట గదరా," అంది సుల్తాన్‌బీ గుసగుసగా. "కొత్త పచ్చడీ ఊరిన పచ్చడీ ఒకటే బరువుంటాయా?"

నిజమే. జాడీలోంచి వచ్చే మాటలు మారాయి. ఆదెయ్య కిందటి ఏడు కొన్న కొత్త వల గురించి చెబుతున్నాయి. రేవతి జాడీ దగ్గర కూర్చున్న నాటికి ఆ వల లేదు. రేవతి ముందు కనుబొమలు ముడిచింది, తర్వాత మెల్లగా తల ఊపింది.

"చిప్పుకి మార్చు వినీలా, బేగి!" అన్నాడు షఫీక్.

మార్చాలంటే ముందు ఆపాలి. ఆపి, లోపలికి వెళ్లి, చిప్పు ఎంచుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. జాడీ ఎవరి కోసమూ ఆగదు. వినీల ఆపు నొక్కింది. ఎర్ర చుక్క ఆరిపోయింది. చెమట వేళ్లకి తెర పలకలేదు. చున్నీకి తుడుచుకుని మళ్లీ నొక్కింది. ఆ సందులో, ఏ యంత్రమూ వినని ఆ కాసింత వ్యవధిలో, జాడీ అంది:

"పాపా, రెండేళ్లుగా నీ నోటితో బతుకుతుండా. చాల్లే. నెల్లూరికి పొయ్యి చదువుకో. నువ్వు నా పక్కన నిలబడి గొంతు చించుకుంటా ఉంటే నాకు చూడ బుద్ధి కాలా. ఒడ్డు సంగతి నేను చూసుకుంటా."

ఎర్ర చుక్క వెలిగింది. గొంతు అప్పటికి చింతపండు గురించి మాట్లాడుతోంది.

వినీల తల్లి వైపు తిరిగింది. ఆ మాటలు రేవతి ఎన్నడూ అనలేదు. అనడానికి గొంతే లేదు, తెర మీద కొట్టడానికి మనసు ఒప్పలేదు. ఒడ్డున నిలబడిన ప్రతి పొద్దూ లోపల అనుకుంటూ మాత్రం ఉంది. ఇప్పుడు ఆమె అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, అవును నావే అన్నట్టు కూతురి వంక చూసింది.

"అది పడలా?" అని అడిగింది సుల్తాన్‌బీ.

"పడలా అవ్వా."

"పడకపోతే మానె. ఇన్నావు గదా."

చిప్పు మూడొంతులు నిండేసరికి జాడీలో గొంతు దగ్గి, "ఇంక చాలు బీబమ్మా, టీ పెట్టు," అంది. ఆ తర్వాత జాడీలో ఏమీ లేదు. సుల్తాన్‌బీ లేచి నిజంగానే టీ పెట్టింది.

అబిగయీలు మేడం నెల్లూరులో తన పెద్ద కంప్యూటర్లో చిప్పు పెట్టగానే అది మారుమాట లేకుండా తెరుచుకుంది. ట్యాబులో పడ్డదీ చిప్పులో పడ్డదీ కలిపి ఆమె ప్రోగ్రాముకి అప్పజెప్పింది. అల్లిక పూర్తయ్యాక ఫోను చేసి, "ఇంత నిండైన గొంతు నేనెప్పుడూ వినలేదు వినీలా. మధ్యలో పని ఆపేసి ఊరికే వింటూ కూర్చున్నాను," అంది. అల్లిన గొంతుని ట్యాబు లోపల పెట్టి, వేలం మాటలకి తెర మీద మీటలు అమర్చి, పాత మాటలన్నీ చిప్పులో భద్రపరిచి ఇచ్చింది. ఆ చిప్పుని సుల్తాన్‌బీ అడిగి తీసుకుని, ఖాళీ అయిన జాడీలోనే వేసి, పొడి గుడ్డ కట్టింది.

ఒడ్డుకి వెళ్లిన మొదటి పొద్దు రేవతి చిన్న స్పీకరు మెడలో వేసుకుంది. వినీల అలవాటుకొద్దీ పక్కన నిలబడబోతే, భుజం పట్టుకుని వెనక్కి జరిపింది. ఆదెయ్య పడవలోంచి వంజరం చేపలు దిగాయి. గంగులయ్య వచ్చి ఒక కాలు గంప అంచు మీద పెట్టి నిలబడ్డాడు.

"ఏం రేవతీ, ఈ పొద్దు ఆ పెట్టె పాడుద్దా?"

రేవతి వేళ్లు తెర మీద ఆడాయి.

"గంగులయ్యన్నా, ముందు గంప మీంచి కాలు తియ్యి."

వల విప్పుతున్నవాళ్లు విప్పుతున్నట్టే తలెత్తారు. ఆటోవాడు ఇంజను ఆపేశాడు. గంగులయ్య కాలు దానంతటదే కిందికి దిగింది. ఆదెయ్య తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇవి ఇప్పుడు దిగినవి. మొప్ప చూసుకోని పాడండి," అంది రేవతి గొంతు.

పాట మొదలైంది. గంగులయ్య రెండు సార్లు తొందర చేసి ఎత్తేయాలని చూశాడు. ఆయన నోరు మూయకముందే "ఇంకా అయిపోలా, కాచుకో" అని జవాబు వచ్చింది. గొంతు లోపలే కాపురముంది కాబట్టి వెతుక్కోవలసిన పని లేదు. ఒక చెయ్యి పైకి లేచింది, ఇంకో చెయ్యి లేచింది, ఒకటోసారి, రెండోసారి అంటూ ఆ పాత గొంతు అలల మీదుగా ఒడ్డు ఆ చివరిదాకా సూటిగా పోయింది. చివరికి వంజరాలు వేరే బేరగాడికి పోయాయి. గంగులయ్య ఓడిపోయి కూడా కదలకుండా నిలబడ్డాడు.

"ఇంకో గుట్ట పాడు రేవతీ," అన్నాడు. "కొనకపోయినా ఇనిపోతా."

ఆ ఏడు వినీల నెల్లూరులో కోర్సులో చేరింది. హాస్టలు గదిలో ఇంకో ముగ్గురు అమ్మాయిలతో సర్దుకుంది. చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం అందరూ కంచాలు కడిగి గదికి వచ్చేసరికి ఫోను మోగింది. తెర మీద అమ్మ పేరుంది. ఆపరేషన్ అయ్యాక ఆ పేరు మీద ఫోను మోగిందే లేదు. మెసేజీలే వచ్చేవి.

వినీల ఎత్తింది.

"వంజరం రెండు గంపలు, ఒకటోసారి!"

గదిలో అమ్మాయిలందరూ తిరిగి చూశారు. అవతల టకటకా కొడుతున్న చప్పుడు, తర్వాత మళ్లీ ఆ గొంతు.

"ఛీ, తప్పు నొక్కినా. పాపా, అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఏం కూర?"

వినీల చెప్పబోయింది. నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. మంచం అంచు మీద కూర్చుని ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"నిదానంగా చెప్పు," అంది అమ్మ. "నాకు తొందరేం లేదు."

దోసకాయ పప్పు అని చెప్పడానికి వినీలకి చాలాసేపు పట్టింది. అందాకా రేవతి అవతల కాచుకునే ఉంది.